సాయీసు దగ్గరే ఆగిపోయిన దారి

మిర్యాలగూడలో ఆటోలు ఇంకా రాని రోజుల్లో మా దాదా జట్కా తోలేవారు. బస్టాండు నుంచి ఊళ్లోకి, సంతరోజున చుట్టుపక్కల పల్లెలకు ఆయన బండి తిరిగేది. గుర్రానికి దాణా పెట్టకుండా ఆయన నాష్తా ముట్టిన రోజు లేదని దాదీమా చెప్పేది. లాడం వదులైతే కాలు ఎత్తి చూడనక్కరలేకుండా, నడక చప్పుడునుబట్టే పసిగట్టేవారట. ఆ గుర్రం ముసలిదై చనిపోయాక ఆయన మరొకటి కొనలేదు. అప్పటికే కిరాయిలన్నీ ఆటోలవైపు మళ్లాయి. చివరికి మా ఇంట్లో మిగిలింది తుప్పుపట్టిన కళ్లెం ఒకటి. మా తరంలో గుర్రమెక్కినవారు లేరు, బారాత్‌లో ఓ గంటసేపు ఎక్కినవారు తప్ప.

అందుకే పెద్దవూర నుంచి హైదరాబాద్ వెళ్లి గుర్రాల దగ్గరే పదిహేనేళ్లు గడిపిన ఒక యువకుడు ఇటీవల మా ఇంటికి వచ్చినప్పుడు అతన్ని ఎంతోసేపు కూర్చోబెట్టుకుని మాట్లాడాను. వరసకు నాకు మేనల్లుడు. పదో తరగతి తప్పాక పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలాడు. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీగా చేరమని ఇంట్లోవాళ్లు అన్నారు. అతను నగర శివార్లలోని ఒక స్వారీ క్లబ్బులో లద్ది ఎత్తే పనికి కుదిరాడు. నేడు ఆ క్లబ్బుకు వచ్చే చిన్నపిల్లల్లో చాలామందికి మొదటి పాఠాలు చెప్పేది అతనే. బెదిరే గుర్రాన్ని దారికి తెచ్చేదీ అతనే. పిల్లలు అతన్ని ‘భయ్యా’ అంటారు. పాఠానికి చివరి పది నిమిషాలు వచ్చి నిలబడే మరొకాయనను ‘కోచ్ సర్’ అంటారు. జీతాల రిజిస్టరులో మాత్రం మా మేనల్లుడి హోదా పదిహేనేళ్లుగా ఒకటే: సాయీసు.

“నీకు ఆ పదవి ఎందుకు రాలేదు?” అని అడిగాను. “పరీక్ష రాయాలి మామూ. పరీక్షకు పంపాలంటే క్లబ్బు నా పేరు రాసి పంపాలి. సాయీసు పేరు ఎవరు రాస్తారు?” అన్నాడు. అతని గొంతులో కోపంలేదు. అది నన్ను మరింత కలవరపెట్టింది.

ఈ సమాధానం వెనుక మన సముదాయం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. దాన్ని చర్చించేముందు, గుర్రపుస్వారీలో తొలి పాఠం నుంచి శిక్షకుడయ్యేదాకా ఉన్న దారి ఎలాంటిదో పాఠకులకు తెలియాలి. నాకు కూడా అంతవరకు తెలియదు. అతను చెప్పగా విన్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటిరోజున ఎవరినీ గుర్రమెక్కించరు. గుర్రానికి కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి కాబట్టి సరిగ్గా తన నుదుటి ముందున్నదీ, సరిగ్గా తన వెనుకనున్నదీ దానికి కనిపించవు. అందుచేత ముందు గొంతు వినిపించి, పక్కనుంచి భుజం దగ్గరకు వెళ్లాలి. ఒళ్లు బ్రష్‌తో తోమడం, ఒక్కొక్క కాలే ఎత్తి గిట్టలో ఇరుక్కున్న రాయీ మట్టీ తీయడం, జీను వేసి తంగు అనే పొట్టపట్టీని బిగించడం నేర్పుతారు. ఇవన్నీ వచ్చాక పిల్లవాణ్ని ఎక్కించి, గుర్రానికి పొడవాటి తాడు కట్టి, శిక్షకుడు మధ్యలో నిలబడి వలయంగా తిప్పుతాడు. పగ్గాలు పిల్లవాడి చేతికి ఇవ్వరు. కొన్నాళ్లు రికాబులు కూడా ఉండవు. నడుము, తొడలు, ఊపిరి మాత్రమే ఆధారంగా కూర్చోవడం అప్పుడే అబ్బుతుంది.

గుర్రం నడకలో నాలుగు అడుగుల చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి. ట్రాట్‌లో రెండే, ఎందుకంటే ఎదురుమూలల కాళ్లు జతగా పడతాయి. కాంటర్‌లో మూడు. కొత్తవారు ట్రాట్‌లో బస్తాలా ఎగిరెగిరి పడతారు. ఆ రెండు చప్పుళ్ల లయకు ఒకసారి లేవడం, ఒకసారి కూర్చోవడం ఒంటబట్టినరోజున ఆ పిల్లవాడు స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టాడని లెక్క. ఆ తరువాత నేలమీద పరచిన కర్రలు దాటడం, చిన్న అడ్డంకుల మీదుగా దూకడం, పడడం, లేవడం. మా మేనల్లుడి ఎడమ భుజం రెండుసార్లు తప్పింది.

స్వారీకి వచ్చే ధనవంతుల పిల్లలు సాధారణంగా నేర్చుకోనిది మరొకటుంది. అది తబేలా విద్య. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చిన్నది. అందువల్ల మేత కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టాలి. వేళతప్పి ఎక్కువ దాణా తిన్నా, నీళ్లు చాలకపోయినా పట్టుకునే కడుపునొప్పి ప్రాణం తీయగలదు. అర్ధరాత్రి గుర్రం తన పక్కలవైపు పదేపదే తిరిగి చూసుకుంటున్నదంటే, నేలను కాలితో గీరుతున్నదంటే, పశువైద్యుడు వచ్చేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉండవలసినవాడు సాయీసే. ఈ జ్ఞానం ఏ పుస్తకంలోనుంచీ మా దాదాకు రాలేదు, మా మేనల్లుడికీ రాలేదు.

ఇక నేర్పడం. మంచి రౌతు అయినంతమాత్రాన మంచి శిక్షకుడు కాడు. రౌతు తన గుర్రాన్ని చూసుకుంటే చాలు. శిక్షకుడు రెండు ప్రాణులను ఒకేసారి కనిపెట్టాలి. గుర్రం మొండికేస్తే తప్పు పిల్లవాడి చేతిలో ఉందా, జీను ఒరుసుకుంటోందా, గుర్రానికి పన్ను నొప్పిగా ఉందా అని తేల్చాలి. ఏ పిల్లకు ఏ గుర్రం తగునో ఎంచాలి. మా మేనల్లుడు చెప్పిన ఒక సంగతి నాకు బాగా నచ్చింది. ఒక చిన్నపాప భయంతో పగ్గాలు బిగబట్టేది; ఆ బిగువుకు గుర్రం మరింత బెదిరేది. ‘చెయ్యి వదులు చెయ్యి’ అని ఎంత అరిచినా లాభంలేకపోయింది. అతను పాపను పదమూడో ఎక్కం గట్టిగా చెప్పమన్నాడట. ఎక్కం చెప్పాలంటే ఊపిరి పీల్చాలి. ఊపిరి ఆడితే భుజం సడలుతుంది. భుజం సడలితే చెయ్యి సడలుతుంది. పదమూడు ఏళ్లు దాటేసరికి గుర్రం తల దించి నడిచిందట. దీనిని శిక్షణ అనక మరేమనాలి?

అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య శిక్షకుల చదువును మూడు స్థాయిలుగా విభజించింది. ఆ సమాఖ్య తోడ్పాటుతో జరిగే కోర్సులకు అభ్యర్థుల పేర్లను ఆయా దేశాల సమాఖ్యలు పంపాలి. దేశ సమాఖ్య దృష్టిలో పడాలంటే ఏదో ఒక క్లబ్బు లేదా సంస్థ వెనుక ఉండాలి. పాఠాలు, రాతపని ప్రధానంగా ఇంగ్లీషులో నడుస్తాయి. స్వారీ, తబేలా విద్య, నేర్పే నైపుణ్యం అనే మూడు మెట్లూ ఎక్కిన మనిషి నాలుగో మెట్టుమీద, అంటే కాగితం దగ్గర, ఆగిపోతున్నాడు. మొదటి రెండు మెట్లు సగమే ఎక్కినవాడు, కాగితం ఉన్నందువల్ల, పైకి పోతున్నాడు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

గుర్రపుస్వారీ మనకెందుకు, అది నవాబుల విలాసమని కొందరు పెద్దలు అనవచ్చు. నవాబుల మాట ఎలా ఉన్నా ఈ దేశపు అశ్వక్రీడల చరిత్రలో ముస్లింల పేర్లు ఏ మూలనో లేవు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో భారత రౌతుల బృందంలో గులాం ముహమ్మద్ ఖాన్ ఉన్నారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు ఆయన ఆ జట్టు సభ్యుడు; వ్యక్తిగత విభాగంలో రఘుబీర్ సింగ్ స్వర్ణం గెలవగా ఖాన్ రజతం అందుకున్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అశ్వక్రీడల్లో మన దేశం తరఫున బరిలో దిగినది ముంబయికి చెందిన ఇంతియాజ్ అనీస్ ఒక్కరే. మళ్లీ ఇరవయ్యేళ్లకుపైగా గడిచాక టోక్యోలో ఆ స్థానం బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జాకు దక్కింది. ఆయన చివరి అంచెకు చేరి 23వ స్థానంలో నిలిచారు. అంతకు ముందు 2018 ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టుతో మరో రజతం గెలిచి ఉన్నారు. ఒలింపిక్స్‌దాకా వెళ్లిన భారతీయ రౌతులను వేళ్లమీద లెక్కించవచ్చు. అంత చిన్న జాబితాలో ఈ ముగ్గురున్నారు.

వీరిలో ఇంతియాజ్ అనీస్ జీవితం మన చర్చకు దగ్గరగా వస్తుంది. ముంబయిలో పాఠాలు మొదలుపెట్టి, ఆస్ట్రేలియాలో శిక్షణ పొంది, ఒలింపిక్స్‌లో పోటీచేసి, ఆ తరువాత అమెరికాలో ఇతరులకు స్వారీ నేర్పే వృత్తిలో స్థిరపడ్డారు. తన ప్రయాణం గురించి 2020లో ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు. తొలి పాఠం నుంచి శిక్షకుడి స్థానందాకా దారి ఉన్నదనడానికి ఆయనే సాక్ష్యం. అయితే ఆ దారి ఏయే ఇళ్లముందుగా పోతున్నదో కూడా చూడాలి. ఖాన్ సైన్యం నుంచి వచ్చారు. మీర్జా తండ్రి గుర్రాల వైద్యుడు. ఒక పెద్ద వ్యాపార సంస్థ మీర్జాకు గుర్రాలను సమకూర్చి జర్మనీలో శిక్షణకు అండగా నిలిచింది. వారి శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సైన్యంగానీ సంపదగానీ వెనుక లేనివాడికి ఈ దారి ఎక్కడ మొదలవుతుందన్నదే ప్రశ్న.

మన తెలంగాణలో ఈ ప్రశ్నకు చేదు సమాధానం ఒక పేట పేరులోనే ఉంది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ అనగానే చల్లని యంత్రాలేవో గుర్తుకొస్తాయి కొత్తవారికి. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానంలో రూపుదిద్దుకుని నిజాం కొలువుకు చేరిన హబ్షీ అశ్వదళం అది. ఉత్సవాల్లో నిజాం ముందు ఠీవిగా కదిలిన రౌతుల మనుమలు, మునిమనుమలు ఆ పేటలో నేటికీ ఉన్నారు. సంస్థానం విలీనమయ్యాక దళం రద్దయింది, గుర్రాలు పోయాయి. మిగిలింది మర్ఫా వాద్యం. పెళ్లి బారాత్‌లలో ఆ డప్పుల మోతకు మనం మురిసిపోతాం. ఒకప్పుడు దేశంలోని అత్యుత్తమ రౌతుల్లో ఒకరైన ఆ సముదాయం పేరు ఇప్పుడు కనిపించేది బీసీ-ఇ జాబితాలో, సిద్ది, హబ్షీ అన్న వరుసలో. దేశమంతటా సంస్థానాల అశ్వదళాల నుంచి 1953లో ఏర్పడిన 61వ కావల్రీలో రాజపుత్రులు, మరాఠాలతోపాటు రాజస్థాన్‌కు చెందిన ఖాయంఖానీ ముస్లింలకు తరతరాలుగా చోటు దొరికింది. అక్కడ విద్య సంస్థలో భాగమై నిలిచింది. ఇక్కడ విద్య మనుషుల్లో మిగిలి, ఆ మనుషులతోపాటే సన్నగిల్లుతోంది. ఈ తేడాను గమనించకుండా ‘మావాళ్లు ఒకప్పుడు గొప్ప రౌతులు’ అని చెప్పుకోవడంవల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

మన ఇళ్లలో గుర్రం మాట ఎత్తగానే వచ్చే మరో అభ్యంతరం మలక్‌పేట రేసుకోర్సు. ఇది కొట్టిపారేయదగినది కాదు. పందేల్లో ఇల్లు గుల్లచేసుకున్న కుటుంబాలను పాతనగరంలో ఎవరైనా చూపిస్తారు. జూదం నిషిద్ధమన్న విషయంలో మనలో భిన్నాభిప్రాయం లేదు. కానీ పందెం వేరు, పోటీ వేరు. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రాల పోటీ జరిపించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అందులో ఒక వివరం మన చర్చకు ఎంతో విలువైనది. శిక్షణ పొందిన గుర్రాలకు ఒక దూరం, శిక్షణ పొందని గుర్రాలకు అంతకంటే బాగా తక్కువ దూరం నిర్ణయించారు. ఎవరి స్థాయికి తగిన కొలత వారికి ఇవ్వడం శిక్షకుడి మొదటి లక్షణం. స్వారీ నేర్పేవాడికీ, రేసుకోర్సు కిటికీ దగ్గర టికెట్టు కొనేవాడికీ ఏ సంబంధమూ లేదని మన ఇమాములు ఒక్క జుమా ప్రసంగంలో చెప్పినా ఎంతో అపోహ తొలగుతుంది.

జుమా అన్నాను కాబట్టి లండన్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నగర దక్షిణ భాగంలోని బ్రిక్స్‌టన్‌లో ఎబొనీ హార్స్ క్లబ్ అనే ధర్మసంస్థ ఉంది. పేదపేటల పిల్లలకు స్వారీ నేర్పడం దాని పని. అక్కడి ఒక ముస్లిం తల్లి తమ మసీదులో దొరికిన కరపత్రం చూసి కూతుర్ని ఆ క్లబ్బులో చేర్పించింది. ఆ అమ్మాయి ఖదీజా మల్లా. 2019 ఆగస్టు 1న, 18 ఏళ్ల వయసులో, గుడ్‌వుడ్‌లో విరాళాల సేకరణకోసం జరిగే మహిళల పోటీలో హిజాబ్‌మీద శిరస్త్రాణం ధరించి అందరికంటే ముందు గీత దాటింది. పోటీగుర్రం మొదటిసారి ఎక్కింది ఆ సంవత్సరం వసంతంలోనే. అది వార్త అయింది, సినిమా అయింది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది ఆ తరువాతి సంగతి: 2021లో, ఆమె లాంటి నేపథ్యంగల పిల్లలకోసం రైడింగ్ ఎ డ్రీమ్ అకాడమీ అని ఒక శిక్షణ సంస్థనే నెలకొల్పారు. ఆమె కూడా ఆ స్థాపనలో ఉంది. ఒక పిల్ల గెలుపు పదిమంది పిల్లల పాఠంగా మారింది. మసీదు గోడమీది కరపత్రం అంతదూరం వెళ్లింది.

ఆడపిల్లల మాట మరికొంత చెప్పుకోవాలి. ఒలింపిక్స్‌లో స్త్రీలూ పురుషులూ ఒకే పోటీలో, ఒకే కొలతతో తలపడే క్రీడ అశ్వక్రీడ. స్వారీ దుస్తులు కూడా పాదాలనుంచి మణికట్టుదాకా కప్పి ఉంచేవే. మన తల్లిదండ్రులు సంకోచించవలసిన పని ఇతర ఆటలకంటే ఇక్కడ తక్కువ. కేరళలోని తిరూర్‌కు చెందిన నిదా అంజుమ్ చేలాట్ 2023లో ఫ్రాన్స్‌లో యువ రౌతుల ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీని, అంటే ఒకేరోజున 120 కిలోమీటర్ల స్వారీని, పూర్తిచేసింది. మరుసటి ఏడాది సీనియర్ల విభాగంలో 160 కిలోమీటర్లూ పూర్తిచేసింది. ఎండ్యూరెన్స్‌లో గుర్రం గుండె వేగాన్ని ప్రతి అంచెలోనూ వైద్యులు పరీక్షిస్తారు. గుర్రాన్ని అలసటకు బలిపెట్టినవారిని పోటీనుంచి తప్పిస్తారు. గెలవాలన్నా గుర్రం బాగుండాలి. ఆమె దుబాయిలో పెరిగిన సంపన్న కుటుంబపు బిడ్డ అన్నది నిజమే. పెద్దవూరలోనో కోదాడలోనో ఉన్న పిల్లకు అలాంటి వసతి రాదు. కానీ ఒక మహిళా శిక్షకురాలు ఉంటే పంపిస్తామని చెప్పే తల్లులు మనకు తెలుసు. ఆ శిక్షకురాలు ఎక్కడినుంచి వస్తుంది? ఎవరో ఒక అమ్మాయి ఇవాళ మొదటి పాఠం నేర్చుకుంటేనే కదా.

శిక్షకుడు ఒక్కడుంటే ఏమవుతుందో మనకు దూరదేశాల ఉదాహరణలు వెతుక్కోవలసిన పనిలేదు. నిజామాబాద్ చాలు. స్వయంగా బాక్సింగ్ చేసిన సంసముద్దీన్ అక్కడ శిక్షకుడిగా స్థిరపడ్డారు. ఆయన కుమారుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం సాధించాడు. అదే పట్టణంలో నిఖత్ జరీన్ మొదటి గుద్దులు నేర్చుకున్నది కూడా ఆయన దగ్గరే. అమ్మాయిలు బరిలోకి రాని రోజుల్లో ఆమెను ఆమె తండ్రి జమీల్ అక్కడికి తీసుకెళ్లారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేత అయింది. హైదరాబాద్ బ్యాడ్మింటన్‌లో సయ్యద్ ముహమ్మద్ ఆరిఫ్ సంగతీ అంతే. ఆయన పుల్లెల గోపీచంద్‌కు నేర్పారు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తరువాత పి.వి. సింధుకు నేర్పారు. ఆరిఫ్ సాబ్‌కు 2000లో ద్రోణాచార్య పురస్కారం, 2012లో పద్మశ్రీ దక్కాయి. క్రీడాకారుల పేర్లు మన పిల్లలకు తెలుసు. ఆరిఫ్ సాబ్ పేరు, సంసముద్దీన్ పేరు ఎంతమందికి తెలుసు? మనం పతకాన్ని చూస్తాం. పతకం ఎవరి చేతిలో తయారైందో చూడం. శిక్షకుడి వృత్తికి మన ఇళ్లలో గౌరవం లేకపోవడానికి ఇదే మూలమని నా అభిప్రాయం. కొడుకు ఇంజనీరు కావాలి, కాకపోతే దుబాయి వెళ్లాలి. కోచ్ అవుతానంటే ‘పనిలేనివాడు’ అంటాం.

ఇప్పుడు చేయవలసిన పని గురించి. ప్రభుత్వం మీద పెట్టవలసిన ఒత్తిడి కొంత, మనం చేసుకోవలసింది కొంత.

2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇవాళ రాష్ట్రంలో 200కు పైగా ఉన్నాయి. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఏంచేశాయో గుర్తుచేసుకుందాం. నిజామాబాద్ జిల్లాలోని చిన్న పల్లె పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వారు బండరాళ్లు ఎక్కడం నేర్చుకున్నది మన పక్కనున్న భువనగిరి గుట్టమీద. పర్వతారోహణ అంతకుముందు ఎవరి క్రీడ? డబ్బున్నవారిది, సైన్యానిది. గురుకులాల అధికారులు తలచుకున్నందువల్లే గిరిజన, దళిత పిల్లలు ఆ గీత దాటారు. మైనారిటీ గురుకులాలు కూడా ఒకటి రెండు చోట్లనైనా స్వారీ శిక్షణను, అదీ వేసవి వినోదంగా కాకుండా శిక్షకుల పరీక్షదాకా తీసుకువెళ్లే పద్ధతిలో, ఎందుకు చేపట్టకూడదు? ప్రతి పాఠశాలకూ గుర్రం కావాలని నేను అనను. గుర్రం పోషణ భారమైనది. మేత, లాడాలు, వైద్యం, ఖాళీగా ఉన్నా తినే దాణా. నగర శివార్ల క్లబ్బులతో ఒప్పందం చేసుకుని ఏటా ఇరవైమంది పిల్లలను పంపినా, పదేళ్లలో మన జిల్లాల నుంచి పేరున్న శిక్షకులు తయారవుతారు.

రెండోది అంతకంటే తేలిక. పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. తాపీమేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు, దర్జీలకు ఈ పద్ధతిలో పత్రాలు అందుతున్నాయి. సాయీసులకు, లాడాలు కొట్టే నాల్‌బందులకు, పెళ్లిగుర్రాలు నడిపేవారికి ఎందుకు అందకూడదు? మైనారిటీ ఆర్థిక సంస్థ శిక్షణ జాబితాల్లో డ్రైవింగు, కుట్టుపని, కంప్యూటరు ఏళ్లతరబడి కనిపిస్తాయి. వాటిని తీసేయమనడంలేదు. మనవారి చేతుల్లో ఉన్న విద్య ఏదో ముందు అడిగి తెలుసుకోమంటున్నాను. ముస్లింలలో స్వయంఉపాధి మీద బతికేవారి వాటా ఎక్కువనీ, స్థిరమైన జీతపు ఉద్యోగాల్లో వాటా తక్కువనీ సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. చేతిలో విద్య ఉండీ కాగితం లేకపోవడం ఆ తేడాకు ఒక కారణమని మా మేనల్లుణ్ని చూశాక నాకు బోధపడింది.

మూడోది మనది. సాయీసు పిల్లవాడికి ఇంగ్లీషులో నాలుగు పేజీల దరఖాస్తు నింపడం, గుర్రం శరీరభాగాల పేర్లు ఇంగ్లీషులో నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు, కూర్చోబెట్టి చెప్పేవారుంటే. మిర్యాలగూడ, సూర్యాపేటల్లో మన కుర్రవాళ్లు ఎంతమంది ఇంజనీరింగు చదివి ఖాళీగా ఉన్నారు! మసీదు కమిటీలు వారానికి రెండు సాయంత్రాలు ఒక గది ఇస్తే చాలు. క్లబ్బులకు ఉత్తరం రాయడానికి సంఘాలు ముందుకు రావాలి. ‘మీ దగ్గర ఇన్నేళ్లుగా నేర్పుతున్న మనిషి పేరు పరీక్షకు పంపండి’ అని ఒక సంఘం లెటర్‌హెడ్‌మీద అడిగితే దాని బరువు వేరు. ఇది యాచన కాదు; చేసిన పనికి పేరు అడగడం.

గుర్రం కేవలం షోకు వస్తువుగా మారిన మన పెళ్లిళ్ల గురించి ఒక్క మాట. పూసల ముసుగు వేసి, డీజే పెట్టెల పక్కన గంటలకొద్దీ నిలబెట్టి, టపాసుల మధ్య నడిపించే గుర్రానికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో దాని పగ్గం పట్టుకున్న పిల్లవాణ్ని అడగండి. వాడికి తెలుసు. ఆ పిల్లవాడికి పట్టుమని పద్నాలుగేళ్లుండవు. బడి మానేసి ఉంటాడు. గుర్రం చెవుల కదలికనుబట్టి అది ఎప్పుడు బెదురుతుందో చెప్పగలడు. వేలకు వేలు ఫీజు కట్టి నేర్చుకునేవారికి ఏళ్లు పట్టే విద్య అది. మనం వాడి చేతిలో పది రూపాయలు పెట్టి వధువు ఇంటివైపు నడుస్తాం.

మా మేనల్లుడు ఈసారి వెళ్లేముందు దరఖాస్తు కాగితాలు నా దగ్గర పెట్టాడు. రెండురోజులు కూర్చుని ఇద్దరం నింపాము. పేరు, పుట్టిన తేదీ, పెద్దవూర చిరునామా, ఎత్తు, బరువు, ఎక్కిన గుర్రాల రకాలు, భుజం గాయం సంగతి. ‘బోధనానుభవం’ అన్నచోట పదకొండేళ్లు అని రాయించాను. అతను నాలుగే రాయమన్నాడు, ఎక్కువ రాస్తే నమ్మరని. ఆ గడి పక్కన సంస్థ బాధ్యుడి సంతకానికి వదిలిన ఖాళీ ఉంది. కాగితాలు తీసుకువెళ్లి నెలా పదిరోజులైంది. నిన్న ఫోన్ చేస్తే, సర్ టేబుల్ మీదే ఉన్నాయి మామూ, అన్నాడు.